మిద్దె మీది సోలార్ హీటర్‌ను పాత ఇనుముకు వేసే ముందు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో ఈమధ్య ఇంటిపైన సోలార్ ప్యానెళ్ల గురించి, సూర్యఘర్ సబ్సిడీ గురించి, నెట్ మీటర్ల గురించి చాలా వస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఆ పథకం కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల దాకా కేంద్రం ఇస్తోంది కాబట్టి జనం బాగానే ముందుకొస్తున్నారు, సంతోషమే. నా బాధ వేరే. ప్యానెళ్లకు మిద్దె మీద జాగా కావాలని, ఎప్పటినుంచో అక్కడున్న నీళ్ల హీటర్‌ను విప్పించి పాత ఇనుము వాళ్లకు వేసేస్తున్నారు. నేను అనంతపురంలో ప్లంబింగ్ పని చేసేవాణ్ని, ఆ విప్పే పనికి కూడా మమ్మల్నే పిలుస్తారు. "అది ఎప్పుడో పనిచెయ్యడం మానేసింది మేస్త్రీ, పీకి అవతల పారెయ్" అంటారు. విప్పుతూ చూస్తే చాలా ఇళ్లలో హీటర్‌కు ఏమీ అయి ఉండదు. ఒక వాల్వు చెడి ఉంటుంది, లేదంటే గొట్టంలో గాలి పట్టి ఉంటుంది, లేదంటే పక్కింటివాళ్లు రెండో అంతస్తు వేసినప్పటి నుంచి దాని మీద ఎండే పడటం లేదు. కొన్ని వందల్లో అయిపోయే పనికి వేల రూపాయల వస్తువు తూకానికి పోతోంది. అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి, కానీ పైపుల సంగతి మాత్రం ఉంచండి.

కరెంటు ప్యానెలూ, నీళ్ల హీటరూ రెండూ ఎండతోనే నడిచినా వాటి పని పూర్తిగా వేరు. ప్యానెల్ మీద పడిన ఎండలో సుమారు ఐదో వంతు కరెంటుగా మారుతుంది, మిగతాది వృథా. హీటర్లో కరెంటు ప్రసక్తే లేదు. ఎండ నల్లటి పూత మీద పడి వేడిగా మారుతుంది, ఆ వేడి దాన్ని అంటుకుని ఉన్న నీళ్లలోకి పోతుంది. మధ్యలో మార్పిడులు లేవు కాబట్టి పడిన ఎండలో సగానికి కాస్త అటూ ఇటూగా నీళ్లకు చేరుతుంది. మామూలు ఇళ్లలో పెట్టే రకానికి మోటారు ఉండదు, కరెంటు పోయినా దాని పని ఆగదు.

మోటారు లేకుండా నీళ్లు పైకెలా పోతాయని అడిగేవాళ్లు చాలామంది. వేడి నీళ్లు తేలిక, చన్నీళ్లు బరువు, ఇంతే కిటుకు. కానీ ఆ తేడా ఎంతో తెలిస్తే ఆశ్చర్యపోతారు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 997 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 983 గ్రాములు. అంటే లీటరుకు 14 గ్రాములు! ఆ 14 గ్రాముల తేడాయే వేడెక్కిన నీళ్లను పైనున్న ట్యాంకులోకి తోసి, ట్యాంకు అడుగునున్న చన్నీళ్లను కిందికి లాగుతుంది. పొద్దున తొమ్మిదింటికి మొదలైతే సాయంత్రం దాకా ఈ తిరుగుడు సాగుతూనే ఉంటుంది. రాగి పలకల రకం హీటరైతే మధ్యాహ్నం పూట పైనుంచి ట్యాంకులోకి పోయే పైపు మీద, ట్యాంకు అడుగునుంచి కిందికి దిగే పైపు మీద చెరో చెయ్యి పెట్టి చూడండి, ఒకటి చురుక్కుమంటుంది, ఇంకోటి చల్లగా ఉంటుంది. రెండూ ఒకేలా ఉంటే తిరుగుడు ఆగిందని అర్థం. ఇంత చిన్న బలంతో నడిచేది కాబట్టే గాలి బుడగ చేరినా, నీళ్లలోని సున్నం పేరుకుని గార పట్టి గొట్టం సన్నబడినా, బిగించేటప్పుడు వాలు తప్పినా చటుక్కున ఆగిపోతుంది. హీటర్ పాడైందని జనం అనుకునేదాంట్లో చాలా భాగం ఇదే.

రాగి పలకల రకంలో నల్లపూత పూసిన రేకు, దాని వెనక సన్నటి రాగి గొట్టాలు, పైన గట్టి అద్దం, కింద దూది లాంటి గ్లాస్‌వూల్, చుట్టూ అల్యూమినియం పెట్టె ఉంటాయి. అద్దం ఎండను లోపలికి రానిస్తుంది గానీ రేకు నుంచి వచ్చే వేడిని తిరిగి బయటికి పోనివ్వదు. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేది గాజు ట్యూబుల రకం. ఒక్కో ట్యూబు నిజానికి రెండు ట్యూబులు, ఒకదాంట్లో ఒకటి. రెంటి మధ్య గాలి తీసేసి ఉంటుంది, లోపలి ట్యూబుకు నల్లపూత ఉంటుంది. మనింట్లో కాఫీ పోసుకునే ఫ్లాస్కు ఎలా వేడిని పట్టి ఉంచుతుందో ఇదీ అంతే, కాకపోతే ఎండకు దారి వదిలిన ఫ్లాస్కు. నీళ్లు లోపలి ట్యూబులోనే ఉంటాయి. ఎండ తగిలే పైవైపు నీళ్లు కాగి ట్యాంకులోకి ఎక్కుతాయి, కిందివైపు అంచు వెంబడి చన్నీళ్లు జారుతాయి. ఒక్క ట్యూబులోనే పోయేవీ వచ్చేవీ రెండూ!

ట్యూబు బాగుందో లేదో చూసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు. ట్యూబు అడుగు కొస దగ్గర వెండి రంగు పూత కనిపిస్తుంది. అది బేరియం, లోపల మిగిలిన కాసింత గాలిని పీల్చుకోవడానికి పెడతారు. ఆ వెండి రంగు తెల్లగా, పాలు పోసినట్టు మారిపోతే లోపలికి గాలి జొరబడింది, ఆ ట్యూబు పని అయిపోయింది. ఇంకో పరీక్ష చేతితోనే. మిట్టమధ్యాహ్నం ఎండలో బాగున్న ట్యూబును పట్టుకుంటే పైగాజు చల్లగానే ఉంటుంది, లోపల నీళ్లు సలసలమంటున్నా సరే. పట్టుకుంటే కాలుతోందంటే వేడి బయటికి కారిపోతోందన్నమాట. ఒకటి రెండు ట్యూబులు పోతే వాటినే మార్చుకోవచ్చు. మొత్తం సెట్టు మార్చాలని ఎవరైనా అంటే ముందు ఆ వెండి రంగు చూసి మాట్లాడండి.

ఇక నీళ్ల లెక్క. వంద లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచాలంటే దాదాపు 4 యూనిట్ల వేడి కావాలి. రెండు కిలోవాట్ల గీజరు రెండు గంటలు ఆడినంత. మన ప్రాంతంలో మంచి ఎండ రోజున చదరపు మీటరు మీద 5 యూనిట్లకు పైగా ఎండ పడుతుంది. రెండు చదరపు మీటర్ల హీటరు అందులో సగానికి కాస్త తక్కువ పట్టుకున్నా ఆ 4 యూనిట్లు వచ్చేస్తాయి. వంద లీటర్ల హీటర్‌కు రెండు చదరపు మీటర్లు అని కంపెనీలు లెక్క కట్టింది ఇందుకే. అరవై డిగ్రీల నీళ్లు ఎవరూ నేరుగా పోసుకోరు, పోసుకుంటే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. చన్నీళ్లు కలిపి 40 డిగ్రీలకు తెస్తే 20 లీటర్ల బకెట్‌కు ఎనిమిదిన్నర లీటర్ల వేన్నీళ్లు చాలు. అంటే వంద లీటర్ల ట్యాంకుతో పదకొండు బకెట్లు వస్తాయి. నలుగురున్న ఇంటికి రెండొందలు, మూడొందల లీటర్లది అంటగట్టే షాపులవాళ్లను ఈ లెక్క అడగండి. షవర్లు, టబ్బులు ఉంటే వేరే సంగతి.

మరి పదకొండు బకెట్లు రావాల్సిన చోట మూడు కూడా రావట్లేదని ఫోన్ చేస్తారు. ఇక్కడే అసలు కథంతా ఉంది.

మొదటిది పైపు. మూడో అంతస్తు మీద హీటరు, కింది బాత్రూమ్‌లో కొళాయి, మధ్యలో ఎన్ని మలుపులు తిరిగినా తక్కువలో తక్కువ 20 మీటర్లు. ముప్పావు ఇంచి పైపైతే ఆ పొడుగులో ఐదు లీటర్ల నీళ్లు నిలబడి ఉంటాయి, రాత్రంతా చల్లారిపోయి. తెల్లారి కొళాయి తిప్పగానే వచ్చేవి అవే. కొందరు కాసేపు చూసి, చల్లగానే ఉన్నాయని కట్టేసి గీజరు వేసుకుంటారు. ఇంకొందరు బకెట్ నిండేదాకా వదిలేస్తారు, ఆ తర్వాత వేడివి వస్తాయి. ఐదు నిమిషాలాగి ఇంకొకరు, అరగంటాగి మరొకరు స్నానానికి పోతే ప్రతిసారీ పైపులో నీళ్లు ఎంతో కొంత చల్లారుతూనే ఉంటాయి. కాబట్టి ఒకరి వెనక ఒకరు చేసెయ్యండి, ముందొచ్చే చన్నీళ్లను పారబొయ్యకుండా అదే బకెట్లో పట్టుకోండి, ఎలాగూ కలుపుకోవాల్సినవే కదా. ఇల్లు కట్టేటప్పుడే హీటర్ గొట్టాన్ని బాత్రూమ్‌లకు దగ్గర దారిలో దించి, దాని చుట్టూ నల్ల ఫోమ్ తొడిగితే సగం గొడవ పోతుంది. ఆ ఫోమ్ ఎండకు రెండేళ్లలో పొడిపొడి అయి రాలిపోతుంది, పైన అల్యూమినియం టేపు చుట్టాలి. ఇది చెప్పే మేస్త్రీలు తక్కువ, చుట్టేవాళ్లు ఇంకా తక్కువ. మా వాళ్లనే అంటున్నాను. పైగా కొందరు డబ్బులు మిగులుతాయని వేన్నీళ్లకు కూడా మామూలు తెల్ల పైపే వేస్తారు, అది ఒక ఎండాకాలానికే మెత్తబడి వంగిపోతుంది. వేన్నీళ్లకు వేడిని తట్టుకునే సీపీవీసీ పైపే వెయ్యాలి, బిల్లులో కూడా అదే రాయించుకోండి.

రెండోది ఎత్తు. చన్నీళ్ల ట్యాంకు అడుగు హీటర్ ట్యాంకు పైభాగం కంటే ఎత్తులో ఉండాలి, అప్పుడే నీళ్లు తమంతట తాము దిగుతాయి. మిద్దె మీద సిమెంటు దిమ్మె చిన్నదైతే హీటర్ ట్యాంకు సగమే నిండుతుంది, వేన్నీళ్ల గొట్టం పైన ఉంటుంది కాబట్టి కొళాయిలో బుసబుసమని గాలి వస్తుంది. దీనికి తోడు హీటర్ ట్యాంకు మీద నుంచి ఒక గొట్టం నిటారుగా పైకి పోయి నోరు తెరుచుకుని ఉంటుంది చూశారా, దాన్ని ఎయిర్ వెంట్ అంటాం. అది చన్నీళ్ల ట్యాంకులో నీటి మట్టం కంటే ఎత్తుకు పోవాలి. పొట్టిగా ఉంటే దాంట్లోంచి నీళ్లు కారతాయి. కారుతున్నాయని ఇంటివాళ్లు దానికి బిరడా కొట్టేస్తారు! అప్పుడు కింద కొళాయి తిప్పితే ట్యాంకులోకి గాలి రావడానికి దారుండదు, లోపలి స్టీలు డబ్బా లోపలికి నొక్కుకుపోతుంది. విప్పి చూసిన ఒక ట్యాంకు లోపల ఇలాగే సొట్టపడి ఉంది, బయటి రేకు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. వెంట్ గొట్టాన్ని ఒక అడుగు పెంచితే పోయేదానికి ట్యాంకు మొత్తం పోయింది.

నీళ్లను ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు ఇంకొకటి. హీటర్‌కు చన్నీళ్లు వచ్చే లైనులో అది లేకపోయినా, గార పట్టి తెరుచుకునే ఉండిపోయినా, కాగిన నీళ్లు వెనక్కి చన్నీళ్ల ట్యాంకులోకి పాకుతాయి. వంటింట్లో సింకు దగ్గర చన్నీళ్ల కొళాయి పొద్దున్నే గోరువెచ్చగా వస్తోందంటే అనుమానించాల్సింది దీన్నే. అలాగే బాత్రూమ్‌లో మిక్సర్ కొళాయికి రెండు వైపులా తెరిచి, కింద చేతి షవర్ దగ్గర మాత్రం కట్టేసే అలవాటు కొందరికి ఉంటుంది. లోపల వేన్నీళ్లూ చన్నీళ్లూ కలిసిపోవడానికి అది రహదారి వేసినట్టే.

మూడోది, మా రాయలసీమ వాళ్లందరికీ తెలిసిన ఉప్పు నీళ్లు. బోరు నీళ్లలో సున్నం ఎంత ఎక్కువుంటే కాగినప్పుడు అంత గార దిగుతుంది, 60 డిగ్రీలు దాటితే మరీ. రాగి గొట్టాల రకం ఇలాంటి నీళ్లకు పనికిరాదు, సన్నటి గొట్టాలు నాలుగైదేళ్లకే పూడుకుపోతాయి. కావాలంటే దాంట్లోనే హీట్ ఎక్స్‌ఛేంజర్ రకం ఉంది, పలకల్లో తిరిగే నీళ్లు వేరు, మనం వాడుకునే నీళ్లు వేరు. గాజు ట్యూబుల రకం కొంత నయం, గార పెళ్లలుగా ఊడి ట్యూబు అడుగున కూర్చుంటుంది. కానీ అడుగున పేరుకున్న మేరకు ట్యూబు పని తగ్గుతుంది. ఏడాదికోసారి ట్యూబులు తీసి కడిగించుకోవాలి. కడిగేటప్పుడు బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం ట్యాంకులో పొయ్యనివ్వద్దు. గార రెండు నిమిషాల్లో నురుగు కక్కుతూ కరుగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, తర్వాత స్టీలుకు సూది బెజ్జాలు పడతాయి. నిమ్మ ఉప్పును (సిట్రిక్ యాసిడ్) నీళ్లలో కలిపి ఒక రాత్రి నానబెడితే నిదానంగా అదే పని అవుతుంది. పింగాణీ పూత ట్యాంకులైతే లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే కడ్డీ. ఉప్పు నీళ్లలో అది ఏడాది రెండేళ్లకే అయిపోవచ్చు, ఆ తర్వాత తుప్పు ట్యాంకును తింటుంది. అలాంటి కడ్డీ ఉందని కొన్నవాళ్లలో ఎంతమందికి చెప్పారో అడగండి. నాకు తెలిసి కంపెనీ కాగితంలో చిన్నక్షరాల్లో ఉంటుంది, అంతే.

నాలుగోది నీడ. ఇది ఎవరికీ తట్టదు. హీటరు దక్షిణం వైపు చూడాలని అందరికీ తెలుసు. కానీ మే నెలలో బిగించినప్పుడు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, అప్పుడు చూస్తే మిద్దె అంతా ఎండే. డిసెంబరు చివర్లో మా అనంతపురంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 52 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. దక్షిణం పక్కింటి నీళ్ల ట్యాంకు నీడ, మెట్ల గది నీడ అప్పుడు పొడుగ్గా వచ్చి సరిగ్గా హీటర్ మీద పడుతుంది. అవసరమున్న నెలలోనే ఎండ ఉండదన్నమాట. వాలు కూడా చలికాలాన్ని చూసి పెట్టాలి, మన దగ్గర 25 నుంచి 30 డిగ్రీలు సరిపోతుంది. ఇప్పుడు కొత్తగా ప్యానెళ్ల స్టాండ్లు కూడా హీటర్‌కు అడ్డం వస్తున్నాయి. వాటిని బిగించేవాళ్లు తమ ప్యానెల్ మీద నీడ పడకుండా చూసుకుంటారు గానీ హీటర్ మీద పడేది వాళ్లకు పట్టదు.

ఇక అలవాట్లు. ట్యాంకులో వేన్నీళ్లు పైన, చన్నీళ్లు కింద పొరలుగా ఉంటాయి. రాత్రి తొమ్మిదింటికి ఇద్దరు స్నానం చేస్తే వాళ్లు వాడినంత చన్నీళ్లు అడుగున చేరతాయి, పొద్దున్నేకి అవి కాగవు కదా, ఎండ ఎక్కడుంది? కాబట్టి తెల్లారి ఆరింటికి ఆఖర్న పోయేవాళ్లకు గోరువెచ్చనివే. ఇందుకు హీటర్‌ను తిట్టి లాభం లేదు. ట్యాంకులో కరెంటు రాడ్డు ఉంటే అది ఇంకో కథ. కొన్ని ఇళ్లలో వానాకాలంలో వేసిన స్విచ్చి సంక్రాంతి దాకా అలాగే ఉంటుంది. రాత్రంతా కరెంటుతో నీళ్లు కాగి ఉంటే పొద్దున వచ్చే ఎండ చేసేదేముంటుంది? సోలార్ పెట్టినా బిల్లు తగ్గలేదని బాధపడేవాళ్లు ముందు ఆ స్విచ్చి చూడండి. మబ్బు రోజుల్లో స్నానానికి గంట ముందు వేసి కట్టేస్తే చాలు.

ఎండాకాలం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది హీటర్‌కు వ్యతిరేకంగా పోయే మాట, అయినా నిజం. ఏప్రిల్, మే నెలల్లో మనకు వేన్నీళ్లే అక్కర్లేదు, మధ్యాహ్నం మామూలు ట్యాంకు నీళ్లే చెయ్యి పెట్టనివ్వవు. ఆ నెలల్లో హీటర్లో నీళ్లు 80 డిగ్రీలు దాటి మరిగిపోతాయి, చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ కొళాయి ప్రమాదమే. ముందు చన్నీళ్లు పట్టి తర్వాత వేడివి కలపడం నేర్పించండి. ట్యూబుల్లో సగం మీద గోనెపట్టా కప్పేస్తే సరిపోతుంది, సెలవులకు ఊరెళ్తే మొత్తం కప్పెయ్యండి.

అందుకే, కోస్తాలో ఇద్దరే ఉండే చిన్న ఇంటికి హీటర్ దండగ అంటే నేను కాదనను. ఆ జాగాలో ప్యానెల్ పెట్టుకుంటే ఏడాది పొడుగునా ఫ్యాన్లకైనా పనికొస్తుంది. రెండు చదరపు మీటర్ల ప్యానెల్ రోజుకు ఒకటిన్నర, ఒకటి ముప్పావు యూనిట్ల కరెంటు ఇస్తుంది, అదే జాగాలో హీటర్ 4 యూనిట్ల వేడి ఇస్తుంది, కానీ వేడిని ఇంకో పనికి వాడుకోలేం. అయితే పదిమందుండే ఇల్లు, హాస్టలు, ఆస్పత్రి, లాడ్జి, పాడేరు, లంబసింగి, ఆదిలాబాద్ లాంటి చలి ఊళ్లు, వీటికి హీటరును మించింది లేదు. ఇంట్లో వాడకం ఎక్కువై బిల్లు పై స్లాబులోకి పోయేవాళ్లు కూడా ఒకసారి లెక్క చూసుకోండి, గీజరు యూనిట్లు తగ్గితే తగ్గేది ఆ పై స్లాబు రేటుతోనే.

ఇదేదో నిన్న మొన్నటి వస్తువు కాదు. అమెరికాలో 1891లోనే క్లారెన్స్ కెంప్ అనే ఆయన నల్లరంగు తొట్లను అద్దం పెట్టెలో పెట్టి అమ్మాడు. రాత్రికి నీళ్లు చల్లారిపోయేవి. 1909లో విలియం బెయిలీ కాచే భాగాన్ని, నిలవుంచే ట్యాంకును విడదీసి, ట్యాంకుకు వేడి పోకుండా చుట్టూ కప్పాడు, దానికి డే అండ్ నైట్ అని పేరు పెట్టాడు. మన మిద్దెల మీద ఉన్నది ఆ పద్ధతే, సామాను మారింది. ఇజ్రాయెల్‌లో 1980 నుంచి కొత్త ఇళ్లకు ఇది చట్టం. అంత దూరం ఎందుకు, మాకు నాలుగు గంటల దూరంలో బెంగళూరు ఉంది. అక్కడ కొత్త ఇంటికి కరెంటు కనెక్షన్ కావాలంటే సోలార్ హీటర్ ఉండాలని నిబంధన పెట్టారు, హీటర్ ఉన్న ఇంటికి యూనిట్‌కు 50 పైసల చొప్పున నెలకు 50 రూపాయల దాకా బిల్లులో తగ్గించారు. యాభై రూపాయలు పెద్ద మొత్తమేం కాదు, కానీ ప్రతినెలా బిల్లు మీద కనిపిస్తే హీటర్ బాగుందో లేదో ఇంటాయన ఒకసారి మిద్దెక్కి చూస్తాడు. ఇక్కడ మనకు 30 శాతం కేంద్ర సబ్సిడీ ఉండేది, 2014లో ఆగిపోయింది. 2010లో మొదలైన జాతీయ సోలార్ మిషన్ 2022 నాటికి రెండు కోట్ల చదరపు మీటర్ల హీటర్లు అని లక్ష్యం పెట్టుకుంది. ఇప్పుడు మాటంతా కరెంటు ప్యానెళ్ల చుట్టూనే తిరుగుతోంది.

నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. రెండు తెలుగు రాష్ట్రాల డిస్కమ్‌లు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, బెంగళూరు తరహాలో బిల్లులో ఏదో కాస్త తగ్గింపు ఇస్తే మేలు. ఐటీఐల్లో ప్లంబర్ ట్రేడ్ చదివే పిల్లలకు ఈ హీటర్ బిగించడం, కడగడం, వాలు చూడటం రెండు వారాలైనా నేర్పించండి, మా తరం మేస్త్రీలంతా ఒకరిని చూసి ఒకరం నేర్చుకున్నవాళ్లమే. చలికి వణుకుతూ చన్నీళ్ల స్నానం చేసే హాస్టల్ పిల్లల ఫొటోలు ప్రతి డిసెంబరులో మీ పేపర్లోనే చూస్తుంటాం. ఏజెన్సీ గురుకులాల మిద్దెల మీద ఇవి పెట్టి, కడిగించే బాధ్యత ఒక మనిషికి అప్పజెప్పండి. పెట్టి వదిలేస్తే రెండో ఏడాదికి కోతులు ట్యూబులు పగలగొడతాయి, మూడో ఏడాదికి గార మూసేస్తుంది, మళ్లీ సోలార్ పనికిరాదనే పేరే మిగులుతుంది. కొనేవాళ్లు ఐఎస్ఐ మార్కు చూసుకోండి, రాగి పలకల రకానికి ఐఎస్ 12933 అని ఉండాలి. ట్యాంకు ఏ స్టీలుతో చేశారో అడగండి, ఉప్పు నీళ్లకు 304 కంటే 316 ఎల్ రకం ఎక్కువ కాలం ఆగుతుంది. ధర ఎక్కువే, కానీ ట్యాంకు కారడం మొదలైతే అతుకు పెట్టించడం దాదాపు కుదరదు.

విప్పించే ముందు ఎవరైనా తెలిసిన మేస్త్రీని పిలిచి వాల్వు, వెంట్, ట్యూబుల అడుగు చూపించండి.

ఇట్లు
ఒక ప్లంబింగ్ మేస్త్రీ,
అనంతపురం

తా.క.: ట్యాంకు కడిగించాక తిరిగి నీళ్లు పట్టేది తెల్లారకముందో, పొద్దు గూకాకో మాత్రమే. ఎండలో ఖాళీగా ఉన్న గాజు ట్యూబు లోపల 200 డిగ్రీలు దాటుతుంది, దాంట్లోకి ఒక్కసారిగా చన్నీళ్లు వదిలితే టపటపా పగులుతాయి. పనివాడు మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చి వాల్వు తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపండి, కూలి ఇంకో పూటది ఇవ్వాల్సి వచ్చినా సరే.